ఇసుక తూకంలో నీటి వాటా ఎంత?

సంపాదకులు గారికి నమస్కారాలు.

వానలు మొదలయ్యేలోగా గోదావరి, కృష్ణా, పెన్నా ఇసుకను ఒడ్డుకు చేర్చి స్టాక్ యార్డుల్లో గుట్టలుగా పోయడం ఏటా మనం చూస్తున్నదే. వర్షాకాలంలో నదీగర్భంలో తవ్వకాలు ఆపివేయాలన్న నిబంధన ఉన్నందువల్ల, ఇల్లు కట్టుకునేవారికి ఆ కొద్ది నెలలూ ఈ గుట్టలే దిక్కు. ఎన్ని టన్నులు నిల్వ చేశారు, టన్నుకు ఎంత పడుతుంది, లారీ ఎప్పుడు దొరుకుతుంది అన్న విషయాలపై పత్రికల్లోనూ సమావేశాల్లోనూ చర్చ జరుగుతూనే ఉంటుంది. అయితే ఆ గుట్టలో ఇసుక ఎంత, నీరు ఎంత అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా వినిపించదు. గోదావరి జిల్లాల్లో ఇరవై ఏడేళ్లుగా ఇళ్లు కట్టిస్తున్న సివిల్ ఇంజినీరుగా, మా ఊళ్లో కొద్దిపాటి వరి సాగు ఉన్న రైతుగా ఈ ప్రశ్నను మీ పాఠకుల ముందు, అధికారుల ముందు ఉంచడానికే ఈ లేఖ రాస్తున్నాను. కొంచెం పెద్దదైనా ప్రచురించవలసిందిగా మనవి.

రైతుగా నా అనుభవం ముందు చెబుతాను. ధాన్యాన్ని కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్తే అన్నిటికంటే ముందు జరిగేది తేమ పరీక్ష. గుప్పెడు గింజలు యంత్రంలో పోస్తారు. అంకె 17 శాతం దాటితే బస్తా దించనివ్వరు. రైతు ఆ ధాన్యాన్ని మళ్లీ కళ్లానికో రోడ్డు వారకో తీసుకెళ్లి, బరకాల మీద పలచగా పరిచి, గంటకోసారి కాళ్లతో తిరగబెడుతూ, మబ్బు కమ్మితే పరుగున కుప్ప చేసి కప్పుతూ, రాత్రుళ్లు అక్కడే కాపలా పడుకుంటాడు. ఈ నియమం తప్పని నేను అనను. తేమ మిక్కిలిగా ఉన్న ధాన్యం గోదాములో వేడెక్కుతుంది, బూజు పడుతుంది, రంగు మారుతుంది. పైగా గింజకు ఇవ్వవలసిన ధరను నీటికి ఇవ్వడం ప్రజల సొమ్మును పారబోయడమే. నేను అడిగేది ఒక్కటే. రైతు అమ్మే ధాన్యంలో నీరు ఎంత ఉందో అంత పట్టుదలగా కొలిచే మనం, అదే రైతు ఇల్లు కట్టుకోవడానికి కొనే ఇసుకలో నీరు ఎంత ఉందో ఎందుకు కొలవడం లేదు?

కాటా నిజాయతీగా ఉంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. తూనికలు, కొలతల శాఖవారు వేబ్రిడ్జిని సరిచూసి ముద్ర వేస్తారు, అది అవసరమే. కానీ కాటా తన మీదకు ఎక్కిన బరువును చెబుతుంది తప్ప అందులో ఇసుక ఎంతో, ఇసుకను అంటుకున్న నీరు ఎంతో చెప్పదు. నూరు కిలోల తడి ఇసుకలో ఎనిమిది కిలోలు నీరు ఉందనుకుందాం. వానలో నానిన గుట్టలో ఇది ఏమాత్రం ఎక్కువ కాదు. అప్పుడు ఇరవై టన్నుల టిప్పర్‌లో 1,600 కిలోల నీరు ఇసుక పేరుతో ప్రయాణం చేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 సెప్టెంబరులో వచ్చిన ఇసుక విధానంలో స్టాక్ యార్డు దగ్గర టన్ను ధర 375 రూపాయలు ఉండేది. ఆ లెక్కన ఆ నీటికి కట్టిన ధర 600 రూపాయలు. 2024 జూలై 8 నుంచి రాష్ట్రంలో ఇసుక ఉచితం, తవ్వకం, లోడింగు, రవాణా వంటి ఖర్చులు మాత్రమే కొనుగోలుదారుడివి. ఉచితమయ్యాక ఇక నీటి గొడవ ఎందుకని నన్ను ఒక మిత్రుడు అడిగాడు. ఆ ఖర్చులన్నీ టన్నుల లెక్కనే కదా పడేది! ఇసుక ఉచితమైనా దానితో పాటు వచ్చే నీటికి మోత కూలీ, లారీ కిరాయి, డీజిలు మనమే కడుతున్నాం. యార్డు నుంచి ఇల్లు ఎంత దూరమైతే ఆ నష్టం అంత పెరుగుతుంది. వెనక తలుపు సందుల్లోంచి దారి పొడవునా నీళ్లు కారుస్తూ పోయే టిప్పర్ వెనక వెళ్లిన ప్రతి ద్విచక్ర వాహనదారుడికీ ఈ విషయం ఒంటికి తెలిసిందే. తారు రోడ్డుకు ఆ నీరు చేసే చెరుపు వేరు.

అయినా డబ్బు నష్టం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది కట్టడానికి జరిగే నష్టం. మూడేళ్ల కిందట ఆగస్టు నెలలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి ఇంటి స్లాబుకు ఒక యార్డు నుంచి రెండు లోడ్లు ఇసుక వచ్చింది. మొదటి లోడు గుట్ట పైభాగం నుంచి ఎత్తినది, రెండోది సాయంత్రం వేళ అడుగు నుంచి గీకి ఎత్తినది. మర్నాడు పొద్దున పని మొదలయ్యాక సగం స్లాబు దాకా మాలు బాగానే పడింది. రెండో లోడు ఇసుక కాంక్రీటు కలిపే మిల్లర్‌లోకి వెళ్లడం మొదలయ్యాక కాంక్రీటు జావలా కారిపోయింది. సెంట్రింగ్ రేకుల సందుల్లోంచి సిమెంటు పాలు బొట్లు బొట్లుగా కింద నేల మీద పడ్డాయి. మేస్త్రీ తప్పేమీ లేదు, అతను బస్తాకు పోసే నీళ్ల డబ్బాల లెక్క మార్చలేదు. మార్చకపోవడమే ముప్పయింది. పని ఆపించి, మాస్టారి ఇంట్లో వంటగది తూకం యంత్రం, ఒక ఇనుప మూకుడు అడిగి తెప్పించాను. రెండో లోడు మధ్యలోంచి సరిగ్గా అర కిలో ఇసుక తూచి, గ్యాసు పొయ్యి మీద సన్నని సెగన వేయించాం. మొదట ఆవిరి వచ్చింది, తరవాత ముద్దలు విడిపోయాయి, ఇసుక రంగు ముదురు గోధుమ నుంచి లేత బూడిదకు తిరిగింది. పైన అద్దం ముక్క పెడితే చెమ్మ పట్టనంతవరకు ఉంచి, చల్లార్చి తూస్తే 452 గ్రాములు వచ్చింది. అంటే 48 గ్రాములు నీరు, నూటికి తొమ్మిదిన్నర పైచిలుకు. మాస్టారి భార్య ఆ మూకుడు వంక చూస్తూ, "మేం బియ్యం కొన్నా ఇంత తడి ఉంటే తిప్పి పంపించేవాళ్లమండీ" అన్నారు.

ఆ తొమ్మిదిన్నర శాతం ఏం చేసిందో లెక్క చూడండి. మనకు ప్రమాణంగా ఉన్న ఐ.ఎస్. (ఇండియన్ స్టాండర్డ్) 456 ప్రకారం, ఎం-20 అనే బలపు రకం కాంక్రీటును నిష్పత్తుల లెక్కన కలిపేటప్పుడు 50 కిలోల సిమెంటు బస్తాకు ఇసుక, కంకర రెండూ కలిపి పొడిగా 250 కిలోలు, నీరు 30 లీటర్లకు మించరాదు. ఇసుక ఒకటికి కంకర రెండు చొప్పున చూస్తే ఇసుక వాటా సుమారు 83 కిలోలు. అంత పొడి ఇసుక ఆ తడితో వచ్చిందంటే దాని వెంట దాదాపు తొమ్మిది లీటర్ల నీరు మిల్లర్‌లో పడ్డట్టే. రేణువు తనలోకి పీల్చుకునే కొద్దిపాటి నీటిని మినహాయించినా ఎనిమిది లీటర్లు మిగులుతుంది. మేస్త్రీ ఎప్పటిలాగే 30 లీటర్లు పోశాడు. మొత్తం 38 దాటింది. సిమెంటు బరువుతో పోల్చితే నీటి నిష్పత్తి 0.60 నుంచి 0.76కు పెరిగింది. నీరు పెరిగిన కొద్దీ కాంక్రీటు బలం పడిపోతుందని డఫ్ ఏబ్రమ్స్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1918లోనే రుజువు చేశాడు. ఆ సూత్రం ఇవాళ్టికీ మారలేదు. సిమెంటుతో కలవడానికి అక్కరలేని ఆ నీరు క్రమంగా ఆవిరైపోతే, అది ఉన్న చోటల్లా సన్నని రంధ్రాలు మిగులుతాయి. వాటి గుండానే తరవాత వాన చెమ్మ లోపలికి దిగి ఇనుప చువ్వను చేరుతుంది. పదేళ్లకు స్లాబు అడుగున పెచ్చులూడితే సిమెంటును తిడతాం, మేస్త్రీని తిడతాం. ఆ రోజు గుట్ట అడుగు నుంచి వచ్చిన ఇసుక ఎవరికీ గుర్తుండదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. బరువు లెక్కన కాకుండా ఘనపుటడుగుల లెక్కన, ట్రక్కుల లెక్కన కొంటే ఈ నష్టం తప్పుతుందని కొందరి నమ్మకం. తప్పదు సరికదా, కొన్నిసార్లు పెరుగుతుంది. కొద్దిగా తడిసిన ఇసుకలో ప్రతి రేణువు చుట్టూ సన్నని నీటి పొర పట్టి ఉంటుంది. ఆ పొరల తలతన్యత, అంటే బిగువు, వల్ల రేణువులు ఒకదాని మీద ఒకటి సర్దుకోలేక ఎడం ఎడంగా నిలబడిపోతాయి. దాంతో ఇసుక పొంగుతుంది. నాలుగు నుంచి ఆరు శాతం తేమ దగ్గర ఈ పొంగు అన్నిటికంటే ఎక్కువ. మామూలు ఇసుకలో 20 నుంచి 30 శాతం, మరీ సన్న ఇసుకలో 40 శాతం దాకా పోతుంది. విచిత్రం ఏమిటంటే ఇసుకను నీటిలో పూర్తిగా ముంచేస్తే ఆ పొరలు తెగిపోయి రేణువులు కిందికి దిగి, మళ్లీ పొడి ఇసుక పరిమాణానికే వస్తాయి. అందుకని ఒక యూనిట్, అంటే నూరు ఘనపుటడుగులు, కొన్నానని సంతోషించే వ్యక్తి పాతిక శాతం పొంగిన ఇసుకలో నిజంగా కొన్నది ఎనభై ఘనపుటడుగులే. బాగా తడిసిన ఇసుక కాటా మీద నష్టపరుస్తుంది, కొంచెం తడిసిన ఇసుక కొలతలో నష్టపరుస్తుంది. గమేళాలతో కొలిచి మాలు కలిపే చోట ఇదే పొంగు వల్ల ఇసుక ఐదింట ఒక వంతు తక్కువ పడి, కాంక్రీటులో సందులు పూడక తేనెపట్టులా తయారవుతుంది.

ఈ పొంగును కనిపెట్టే పద్ధతి ఐ.ఎస్. 2386 మూడో భాగంలో 1963 నుంచి ఉంది, పదో తరగతి పిల్లలు కూడా చేయగలిగినంత తేలిక. గాజు కొలజాడీలో తడి ఇసుకను అదమకుండా 200 మిల్లీలీటర్ల గీత దాకా పోసి, అది మునిగేలా నీళ్లు పోసి, పుల్లతో బాగా కలిపి, తేరనివ్వాలి. ఇసుక మట్టం 160 దగ్గర ఆగితే పొంగు పాతిక శాతం. ఇన్నేళ్లలో నేను పని చేసిన చిన్న సైట్లలో ఈ పరీక్ష చేసిన మేస్త్రీలను వేళ్ల మీద లెక్కపెట్టగలను. వారికి ఎవరూ నేర్పలేదు, అంతే.

సరే, గుట్టలోని నీటిని తీసేయడం ఎలా? దీనికి పెద్ద యంత్రాలేవీ అక్కరలేదని, కావలసింది నేల చదునుపై శ్రద్ధ, కొంచెం ఓపిక అని నా అభిప్రాయం. ఇసుక గుట్టలో నీరు మూడు తీరుల్లో ఉంటుంది. రేణువుల సందుల్లో వదులుగా ఉన్న నీరు తన బరువుకు తానే కిందికి దిగుతుంది. ముతక గోదావరి ఇసుకైతే ఒకటి రెండు రోజుల్లో చాలావరకు కారిపోతుంది. సన్నని సందుల్లో కేశనాళికల బలంతో వేలాడే నీరు అంత తేలిగ్గా దిగదు. రేణువు లోపలి నీరు చాలా స్వల్పం, దాన్ని వదిలేయవచ్చు. అసలు సమస్య రెండోది. దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు గుట్ట అడుగున నీరు పైకి ఎగబాకి నిలిచిపోతుంది. ముతక ఇసుకలో ఆ తడి పొర జానెడు కన్నా తక్కువే ఉంటుంది, సన్న ఇసుకలో మూరెడు దాకా ఉంటుంది. గుట్ట ఎత్తు ఐదడుగులైనా పదిహేను అడుగులైనా అడుగునున్న ఈ పొర మందం మాత్రం మారదు. కాబట్టి నీరు దానంతట అది కారిపోవాలంటే యార్డు నిండా పలచగా పరవడం కన్నా ఎత్తుగా పోయడమే మేలు; అప్పుడు మొత్తం ఇసుకలో తడి అడుగు వాటా తగ్గుతుంది.

ధాన్యం ఎండబెట్టినట్టే ఇసుకనూ ఎండబెట్టాలనుకునేవారు ఇక్కడే పొరబడతారు. ధాన్యంలో నీరు గింజ లోపల ఉంటుంది, అది కుప్పలోంచి కారదు. పలచగా పరిచి గాలి, ఎండ తగలనివ్వడం తప్ప దారి లేదు. ఇసుకలో నీరు గింజ బయట ఉంటుంది. ముందు కారనివ్వాలి, మిగిలిందే ఎండకు వదలాలి. ఎండ కూడా అనుకున్నంత సాయం చేయదు. వేసవిలో ఇసుక గుట్ట పైన చెయ్యి పెడితే కాలుతుంది, నాలుగు వేళ్ల లోతు తవ్వితే చల్లగా తడి తగులుతుంది. పై పొర ఎండగానే కింది తడికీ పైకీ మధ్య ఉన్న నీటి బంధం తెగిపోతుంది, ఆ పొడి పొరే దుప్పటిలా లోపలి తడిని కాపాడుతుంది. మెట్ట రైతు వాన వెలిసిన వెంటనే గుంటక తోలి పైమన్ను పొడి చేసి లోపలి పదును నిలుపుకునేది సరిగ్గా ఈ కిటుకుతోనే. చేనులో మనకు మేలు చేసే ఈ సూత్రం ఇసుక గుట్టలో ఎదురు తిరుగుతుంది. అందుచేత ఎండను నమ్ముకున్న చోట గుట్ట ముఖాన్ని లోడర్‌తో రోజుకు రెండుసార్లయినా తిరగబెట్టాలి; తిరగబెట్టని గుట్ట నెల రోజులు ఎండలో ఉన్నా లోపల తడిగానే ఉంటుంది.

నేను చూసిన యార్డుల్లో ఎక్కువ చోట్ల ఇసుకను ఉన్న నేల మీదే పోస్తారు. ఒక చోటైతే అది పాత చెరువు గట్టు పక్కన పల్లం, నల్లరేగడి. వాన నీరు చుట్టుపక్కల నుంచి గుట్ట కిందికే చేరుతుంది, లారీల బరువుకు నేల కుంగి తొట్టిలా తయారవుతుంది, లోడర్ పళ్లు అడుగు దాకా గీకినప్పుడు ఇసుకతో పాటు బురద కూడా లేస్తుంది. ఇసుకలో మన్ను కలిస్తే నీరు మరింత పట్టుకుంటుంది, సిమెంటు సరిగా అతుక్కోదు. దీనికి విరుగుడు పెద్ద ఖర్చుతో కూడింది కాదు. యార్డు నేలను గట్టిపరచి, యాభై అడుగులకు ఒక అడుగు చొప్పునైనా ఒక వైపుకు వాలు ఇవ్వాలి. దాని మీద అరడుగు మందాన నలభై మిల్లీమీటర్ల కంకర పరిచి, ఆ కంకర సందుల్లోకి ఇసుక జారకుండా పైన నీటిని మాత్రమే దిగనిచ్చే జియోటెక్స్‌టైల్ గుడ్డ వేయాలి. కంకరలో చిల్లుల పీవీసీ గొట్టాలు పెట్టి వాటిని పక్క కాలువలోకి కలపాలి. చుట్టూ వాన నీరు లోపలికి రాకుండా గట్టు ఉండాలి. లోడరు ఎప్పుడూ వాలుకు ఎగువన, పొడిగా ఉన్న వైపు నుంచి ఎత్తాలి, అడుగున ఒక అడుగు ఇసుకను ముట్టుకోకూడదు. ఆ అడుగు ఇసుక వృథా కాదు, అదే కింద వడపోతగా పనిచేస్తుంది.

ఒకే గుట్ట మీద ఒక వైపు పోస్తూ, మరో వైపు అమ్ముతూ ఉండే అలవాటు మానాలన్నది నా రెండో మనవి. నది నుంచి నీళ్లు కారుతూ వచ్చిన ఇసుకను అప్పటికే ఆరిన ఇసుక మీద పోస్తే ఆరినది కూడా తడుస్తుంది. మూడు గుట్టలు పెట్టుకుంటే ఒకటి నిండుతూ ఉంటుంది, ఒకటి నీరు దిగుతూ ఉంటుంది, ఒకటి అమ్మకంలో ఉంటుంది. మా వైపు చాలా యార్డుల్లో దీనికి సరిపడా స్థలం ఉంది. ఇక టార్పాలిన్ల సంగతి: వాన పడేటప్పుడు కప్పాలి, వెలిసిన వెంటనే తీయాలి. వారాల తరబడి కప్పి ఉంచిన పట్టా కింద లోపలి చెమ్మ ఆవిరై, పట్టాకు తగిలి మళ్లీ ఇసుక మీదే బొట్లుగా పడుతుంది. వీలైన చోట అమ్మకపు గుట్ట ఒక్కదానికైనా నాలుగు వైపులా గాలి ఆడే ఎత్తైన రేకుల కప్పు వేస్తే అన్నిటికన్నా మంచిది.

యంత్రాలతో ఆరబెట్టించవచ్చు కదా అని కొందరు అడుగుతారు. తారు రోడ్లకు మిశ్రమం తయారుచేసే ప్లాంట్లలో పెద్ద ఇనుప డోలును తిప్పుతూ లోపల మంట పెట్టి ఇసుకను, కంకరను ఆరబెడతారు. అక్కడ వేడి చేయక తప్పదు. అయితే నీటిని ఆవిరి చేయడం ఎంత ఖరీదైన పనో చూడండి. 25 డిగ్రీల దగ్గర ఉన్న ఒక కిలో నీటిని మరిగించి ఆవిరి చేయడానికి సుమారు 2,570 కిలోజౌళ్ల వేడి కావాలి. మన టిప్పర్‌లోని 1,600 కిలోల నీటికి, కొంచెం వేడి కూడా వృథా కాకపోయినా, దాదాపు 115 లీటర్ల డీజిలు కాలుతుంది. అదే నీరు సరైన వాలు మీద రెండు రోజులు ఊరికే నిలబెడితే చాలావరకు భూమ్యాకర్షణకే దిగిపోతుంది. అందుకే తారు ప్లాంట్ల యజమానులకు కూడా ఇదే చెబుతాను: గుట్ట కింద నేలను సరిచేసుకుంటే ఇంధనపు బిల్లు అక్కడే తగ్గుతుంది.

రోబో శాండ్ గురించి కూడా ఒక మాట. నది ఇసుక దొరకనప్పుడు దాన్ని వాడడం మంచిదే, నేనూ వాడుతున్నాను. కానీ రాయిని పిండి చేసి తయారుచేసే ఈ ఇసుకలో సన్నని పొడి ఎక్కువ. ఐ.ఎస్. 383 ప్రమాణం నది ఇసుకలో 75 మైక్రాన్ల కన్నా సన్నని పొడిని 3 శాతానికి పరిమితం చేస్తే, క్రషర్ ఇసుకలో 15 శాతం దాకా అనుమతిస్తుంది. పొడి ఎంత ఎక్కువైతే నీటికి అంటుకునే ఉపరితలం అంత ఎక్కువ. కడిగి పోసిన రోబో శాండ్ గుట్ట నది ఇసుక కన్నా చాలా నెమ్మదిగా ఆరుతుంది, అడుగు తడి పొర ఇంకా మందంగా ఉంటుంది. క్రషర్లకు కూడా ఇవే జాగ్రత్తలు వర్తింపజేయాలి.

ఇప్పుడు అధికారులకు నా విన్నపం. ప్రతి స్టాక్ యార్డులో రోజుకు రెండుసార్లు, వాన పడిన రోజు మరోసారి, అమ్మకపు గుట్ట నుంచి మూడు చోట్ల నమూనా తీసి తేమ కొలవాలి. దానికి మూకుడు, తూకం ఉన్నా చాలు. తొందరగా కావాలంటే కాల్షియం కార్బైడ్ పొడితో పనిచేసే చేతి పరికరం ఉంది; మూత పెట్టి కుదిపితే ఇసుకలోని నీటితో కార్బైడ్ కలిసి గ్యాసు పుట్టి, ఆ ఒత్తిడిని బట్టి తేమ శాతం కొద్ది నిమిషాల్లో ముల్లు మీద కనిపిస్తుంది. ఆ అంకెను కాటా పక్కన బోర్డు మీద అందరికీ కనబడేలా రాయాలి, బిల్లు మీద కూడా ముద్రించాలి. బాగా నీరు దిగిన ఇసుకలో కూడా కొంత తేమ ఉంటుంది కాబట్టి ఐదు శాతాన్ని మామూలు స్థాయిగా తీసుకుని, దాన్ని మించినదాన్ని తూకంలో తగ్గించాలి. ఉదాహరణకు కాటా 20 టన్నులు చూపి, తేమ 9 శాతం ఉంటే అందులో పొడి ఇసుక 18.2 టన్నులు, ఐదు శాతం తేమతో అది 19.16 టన్నులకు సమానం. బిల్లు ఆ 19.16 టన్నులకే వేయాలి. ఐదు అన్నది నా అంచనా మాత్రమే, ఏ నదీ ఇసుకకు ఎంత ఉండాలో ఇంజినీరింగ్ కళాశాలల ప్రయోగశాలలు పరీక్షించి తేల్చవచ్చు. శాతాన్ని తడి బరువు మీద లెక్కిస్తున్నారా, పొడి బరువు మీద లెక్కిస్తున్నారా అన్నది కూడా ముందే స్పష్టం చేయాలి. ధాన్యానికి తడి బరువు మీద, కాంక్రీటు పనిలో పొడి బరువు మీద లెక్కించడం వాడుక, ఈ రెండూ కలగాపులగమైతే తగువులు తప్పవు.

దీనివల్ల తమకు నష్టమని తవ్వకం, రవాణా గుత్తేదారులు అనవచ్చు. నది దగ్గర వారికి లెక్క కట్టేటప్పుడు కూడా ఇదే తేమ లెక్క వాడితే ఎవరి వాటా వారికి వస్తుంది. అయినా తూకంలో తగ్గింపు కన్నా గుట్టలోంచి నీరు దిగేలా చేయడమే నేను ముఖ్యంగా కోరేది. తగ్గింపు ఇచ్చినా ఆ నీరు లారీలో వస్తూనే ఉంటుంది, కిరాయి పడుతూనే ఉంటుంది, స్లాబులోకి చేరుతూనే ఉంటుంది.

ఈ మార్పు వచ్చేలోగా ఇల్లు కట్టుకుంటున్న పాఠకులు తమ వంతుగా చేయగలిగింది కొంత ఉంది. ఇసుకను పనికి రెండు రోజుల ముందే దింపించుకుని, గచ్చు మీదో ఎత్తైన చోటో వాలుగా పోయించండి. వాన వస్తే కప్పండి, వెలిస్తే తీయించండి. స్లాబు వేసే రోజు ఉదయం అర కిలో వేయించి తూచి, బస్తాకు ఎన్ని లీటర్ల నీరు ఇసుకతోనే వస్తుందో లెక్కగట్టి, అన్ని లీటర్లు తగ్గించి పోయమని మేస్త్రీకి చెప్పండి. గుట్ట అడుగున మిగిలిన తడి ఇసుకను స్లాబుకు కాకుండా, తరవాత బాగా ఆరాక ఇతర చిన్న పనులకు వాడుకోండి. ఆగస్టులో నేను పని ఆపించిన మాస్టారి ఇంట్లో మిగిలిన సగం స్లాబుకు ఇదే చేశాం. బస్తాకు ఎనిమిది లీటర్ల నీరు తగ్గించి పోయించాను. ముందు జావలా పోసిన నాలుగు బస్తాల మాలును తీయించి పారవేయవలసి వచ్చింది. ఆ సిమెంటు, ఆ కూలీ మాస్టారి పింఛను డబ్బులోంచి పోయాయి. యార్డు గేటు దగ్గర తేమ అంకె రాసిన బోర్డు ఒకటి ఉండి ఉంటే ఆ రెండో లోడును ఆ సాయంత్రమే దింపించుకునేవాళ్లం కాదు.

భవదీయుడు,
ఒక సివిల్ ఇంజినీరు,
తూర్పు గోదావరి జిల్లా.